వేషాలు వెయ్యి, పాట సగం

మా మేనల్లుడు తిరుపతి బైరాగిపట్టెడలో పది బై పది గదిలో అద్దెకుంటాడు. గదిలో ఒక మంచం, గ్రూప్ టూ పుస్తకాల గుట్ట, గోడకు ఆనించిన ఎలక్ట్రిక్ గిటార్. దానికి ఒక ఆంప్, అదే ఆంప్లిఫయర్, కొనాలని పోయిన సంక్రాంతికి అనుకున్నాడు. సంక్రాంతి పోయింది. గంగమ్మ జాతర పోయింది. వినాయకుణ్ణి కూడా నీళ్లలో కలిపేశాం. వాడింకా ఎంచుకుంటూనే ఉన్నాడు.

"ఏం కావాల్రా అల్లుడా నీకు?" అంటే జవాబు ఒకటే.

"సింపుల్‌గా ఉండాల మామా. కానీ అన్నీ పలకాల."

ఈ మాట ఇంతకు ముందు విన్నట్టుందే అనుకున్నాను. పెళ్లిచూపులకు వచ్చే మగపెళ్లివాళ్ల మాట! "మాకేం ఆశల్లేవు సామీ, పిల్ల సింపుల్‌గా ఉంటే చాలు" అని కాఫీ గ్లాసు అందుకుంటారు. గ్లాసు కింద పెట్టేలోగా జాబితా బయటికొస్తుంది. బెంగుళూరులో ఉద్యోగం చేయాల, పొద్దున సంగటి కెలకాల, కారు తోలాల, అన్నమయ్య కీర్తన పాడాల, అత్త ముందర తల వంచుకోవాల. సింపుల్ అనే మాటకు మన జిల్లాలో అర్థం అదే: అన్నీ ఉండాల, ఏమీ లేనట్టు కనపడాల. ఆ కోరిక తీర్చడానికి పుట్టిన యంత్రం పేరు మోడలింగ్ ఆంప్.

పాత కాలం ఆంపుల్లో గాజు వాల్వులుండేవి. తాతల నాటి రేడియో వెనక అట్ట విప్పితే ఎర్రగా వెలుగుతూ కనపడేవే అవి. వాటికి శక్తికి మించిన పని చెబితే శబ్దం అంచుల్లో పగిలేది. ఆ పగులే రాక్ సంగీతానికి ప్రాణం. కాకపోతే పగలాలంటే గట్టిగా మోగాలి. గట్టిగా మోగితే కింది పోర్షన్లో ఇంటి ఓనరమ్మ పైకి రావాలి. ఈ చిక్కు తీర్చడానికి ఇంజనీర్లు ఒక ఉపాయం పన్నారు. గిటారు తీగ పంపిన కరెంటును అంకెలుగా మార్చి, ఫలానా వాల్వు ఆంప్ అయితే ఇక్కడ ఎట్లా మూలిగేదో చిప్పులో లెక్క కట్టి, ఆ లెక్కను మళ్లీ శబ్దం చేసి స్పీకరుకు అప్పజెప్పారు. 1996లో కాలిఫోర్నియా నుంచి లైన్ 6 కంపెనీ ఆక్సిస్ 212 తెచ్చింది. 1998లో అదే కంపెనీ రాజ్మా గింజ ఆకారంలో ఎర్రటి పాడ్ తెచ్చింది. 2011లో యమహా బల్ల మీద పట్టేంత టీహెచ్ఆర్ తెచ్చింది. 2016లో బాస్ కంపెనీ కటానా తెచ్చింది. ఆ తర్వాత అంగడి తీర్థమైపోయింది.

తిరుపతివాళ్లకు ఈ విద్య కొత్తదేం కాదు. ప్రతి ఏడూ మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వారం రోజులు మనం చూసేది ఇదే. మొదట బైరాగి వేషం, ఒళ్లంతా తెల్లటి నాముకొమ్ము. తర్వాత బండ వేషం, ఒళ్లంతా ఎర్రటి కుంకుమ, నోటినిండా బూతులు. ఆ తర్వాత తోటి వేషం, ఒళ్లంతా నల్లటి బొగ్గు. ఆపైన దొర, మాతంగి, సున్నపు కుండలు. లోపలి మనిషి వాడే, పైపూత వేరు. మోడలింగ్ ఆంప్ చేసే పని కూడా అంతే: ఒక పెట్టె, ఒక స్పీకరు, వంద పూతలు. తేడా ఏమిటంటే జాతరలో వేషం కట్టేవాడు ఉపవాసం ఉంటాడు. ఈ పెట్టెకు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉంటుంది.

మావాడి వలపు ముగ్గురి చుట్టూ తిరుగుతోంది. కటానా అంటే జపాన్ కత్తి. ఫెండర్ వాళ్ల మస్టాంగ్ అంటే అడవి గుర్రం. పాజిటివ్ గ్రిడ్ వాళ్ల స్పార్క్ అంటే నిప్పురవ్వ. కత్తి, గుర్రం, నిప్పు! వీడు కొనేది ఆంపా, పాలెగాడి సరంజామానా? ఇంత సరంజామాతో దోచేది ఏ ఊరినయ్యా అంటే, ఇయర్‌ఫోన్ పెట్టుకుని మంచం మీద కూర్చుని నాలుగు స్వరాలు వాయించడానికి. ఆ నాలుగు స్వరాలు 1972లో డీప్ పర్పుల్ వాళ్లు విడుదల చేసిన పాట ముందు వచ్చే బిట్టు. ప్రపంచంలో గిటారు పట్టిన ప్రతివాడూ మొదట వాయించేది అదే. మావాడు మొదటే కాదు, చివర కూడా అదే వాయిస్తాడు.

పెట్టెలోని వేషాల పేర్లు చూస్తే ఇంకో వినోదం. ఎదుటి కంపెనీ పేరు ట్రేడ్‌మార్కు కాబట్టి పైకి అనకూడదు. అందుకని "బ్రిటిష్ ఎయిటీస్" అంటారు, "అమెరికన్ క్లీన్" అంటారు. మా అవ్వ మొగుడి పేరు నోటితో అనేది కాదు. రేషన్ కార్డు రాసేవాడు అడిగితే "ఏడుకొండలాయన పేరే నాయనా" అనేది. లక్షల డాలర్ల కంపెనీలు మా అవ్వ దగ్గర నేర్చుకున్నాయని ఇప్పుడే తెలిసింది.

పోనీ, "బ్రిటిష్" అని పేరు దాచిన ఆ మార్షల్ మొగుడైనా అసలువాడా? 1962లో లండన్ పక్కన హాన్‌వెల్‌లో డ్రమ్ములు నేర్పుతూ వాయిద్యాల అంగడి నడిపే జిమ్ మార్షల్, తన మనుషుల చేత తొలి ఆంప్ కట్టించాడు. దేన్ని చూసి కట్టారు? అమెరికా ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్‌ను చూసి, ఇంగ్లండులో దొరికే సామాన్లతో కట్టారు. ఫెండర్ మాత్రం ఆకాశం నుంచి ఊడిపడిందా? వాల్వులు అమ్మే కంపెనీలు తమ సరుకు ఎట్లా వాడాలో అచ్చేసి పంచిన మాదిరి సర్క్యూట్లలోనే దాని వేర్లున్నాయి. అంటే మావాడు "అచ్చం ఒరిజినల్ మార్షల్ లాగే ఉండాది మామా" అని మురిసిపోయేది వేషం వేసుకున్న వేషగాడి వేషాన్ని చూసి. "ఒరిజినల్‌కు తొంభైతొమ్మిది పాళ్లు దగ్గర" అని వీడియోలో ఎవడో చెప్పాడట. ఆ మిగిలిన ఒక్క పాలు కోసం ఇంకో మూడు నెలలు వెతుకుతున్నాడు. అసలు మార్షల్‌ను వాడు జన్మలో ఒక్కసారి కూడా వినలేదు. విన్నదంతా ఫోన్ స్పీకర్లోనే. పాయసం తిననివాడు యాలకులు ఎక్కువయ్యాయని తీర్పు చెప్పినట్టు.

ఇక వాట్ల వేదాంతం. "ఇరవై అయిదు సాలదు మామా, యాభై కావాల. నూరైతే సేఫ్." ఒరేయ్, వాట్లు రెట్టింపైతే శబ్దం రెట్టింపు కాదు, పెరిగేది మూడు డెసిబెల్స్. చెవికి "రెండింతలైంది" అనిపించాలంటే వాట్లు సుమారు పదింతలు కావాలి. ఈ లెక్క ఇంటర్‌లో వాడు చదివాడు, మార్కులు కూడా వచ్చాయి. మార్కులు వచ్చాక లెక్క ఎందుకు గుర్తుండాలి? కటానా 50కి ఒక స్విచ్ ఉంది: యాభై వాట్లను అరవాట్‌కు దించేది. యాభై వాట్లకు డబ్బులిచ్చి, అరవాట్‌కు దించి, మాస్టర్ వాల్యూమ్ ఒక గీత దగ్గర ఆపి, ఇయర్‌ఫోన్ పెట్టుకోవడం! తిరుమలకు బస్సు కొనుక్కుని, ఇంటి ముందు నిలబెట్టి, కిటికీ సీట్లో కూర్చున్నట్టుంది. అయినా ఆ స్విచ్ పెట్టిన ఇంజనీరుకు దండం పెట్టాలి. మనిషి ఆశనూ ఓనరమ్మ కోపాన్నీ ఒకే బిళ్లలో ఇమిడ్చినవాడు మామూలోడు కాదు.

పోయిన నెల చిత్తూరులో ఒక పెళ్లికి వాడి స్నేహితుల ఆర్కెస్ట్రా పిలుపొచ్చింది. గిటారుకు మనిషి లేక వీణ్ణి పిలిచారు. ఎవరి దగ్గరో ఒక మోడలింగ్ ఆంప్ అరువు తెచ్చుకున్నాడు. ముందు రాత్రి గదిలో కూర్చుని, తెల్లారేదాకా ఒక టోన్ చెక్కాడు. అమెరికా క్లీన్ ఆంప్, దాని ముందు కంప్రెసర్, వెనక ప్లేట్ రివర్బ్, పైన సన్నటి డిలే. బేస్ పెంచాడు, ట్రెబుల్ పెంచాడు, మిడ్ నరికేశాడు. గదిలో వింటే గాజుపాత్రలో నీళ్లు పోసినట్టుందట. నిజమే, నేనూ విన్నాను, బాగుంది.

కల్యాణమండపంలో సౌండ్ సర్వీస్ అబ్బాయి ఆ పెట్టె వంక ఒకసారి, వీడి వంక ఒకసారి చూశాడు. "దీనికి మైకు లేదు సామీ. లైనియ్యి, మిక్సర్లో కలిపేస్తా" అన్నాడు. కలిపేశాడు. తన ఎకో ఒకటి పైన చల్లాడు. మనిషెత్తు బాక్సులు రెండు పక్కలా. నాదస్వరం ఆగిన సందులో మొదటి పాట అందుకున్నారు. బేస్ అంతా డ్రమ్ముల్లో మునిగింది. ట్రెబుల్ అంతా తాళాల్లో కలిసింది. గిటారు బతికేది మధ్య స్వరాల్లో. ఆ మధ్యనే వీడు రాత్రి నరికేశాడు. పాట అయ్యాక ముందు వరసలో పెళ్లికూతురి పెద్దనాన్న లేచి వచ్చి, గిటారు మెడలో వేలాడుతున్న మావాణ్ణి దాటుకుని పోయి, పక్కన కీబోర్డు వాయించే పిల్లోడి భుజం తట్టాడు. "ఆ గిటారు బిట్టు బాగా కొట్నావబ్బా!"

ఇందులో ఎవరి తప్పూ లేదు, చెవి తప్పు తప్ప. శబ్దం చిన్నగా ఉన్నప్పుడు మనిషి చెవికి మంద్రం, తారం తక్కువ వినపడతాయి. ఆ సంగతి 1933లోనే అమెరికా బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి గీత గీసి చూపారు. అందుకే గదిలో చిన్నగా పెట్టి ఆ రెండూ పెంచుకుంటాం. పెద్దగా మోగించగానే ఆ పెంచిందంతా గుమగుమ, చరచర అయి పాటను మింగేస్తుంది. మండపంలో వాయించే టోన్‌ను మంచం మీద చెక్కకూడదు. ఈ ఒక్క ముక్క తొంభై ఏళ్లుగా అచ్చులో ఉంది. మావాడు చూసిన మూడు వందల వీడియోల్లో మాత్రం, డిస్కౌంట్ కూపన్ ప్రతిదాంట్లో ఉందట, ఈ ముక్క ఎందులోనూ లేదట.

ఇప్పుడు పెద్దవాళ్ల ముచ్చట. స్పార్క్ వాళ్ల ఆప్‌లో పదివేలకు పైగా టోన్లున్నాయని చాటింపు. తాళ్లపాక అన్నమయ్య 1408లో పుట్టి 1503లో పోయేలోగా 32,000 సంకీర్తనలు చెప్పాడని ప్రతీతి. తిరుమల భాండాగారంలో రాగిరేకుల మీద దొరికినవే పన్నెండు వేలు దాటాయి. ఆయన చేతిలో ఉన్నది తంబుర. దానికి ప్రీసెట్ ఒక్కటే, అదీ శ్రుతి. కూడిక తీసివేతలు వచ్చినవాళ్లు చూసుకోండి: ఆయనకు ముప్పై రెండు వేల పాటలు, ఒక టోన్. మావాడికి పదివేల టోన్లు, అర పాట.

అన్నమయ్య కాలంలో కరెంటు లేదు కదా మామా అంటాడు. సరే, కరెంటు ఉన్నవాడి సంగతే చెప్పుకుందాం. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నాడు. పాశ్చాత్య మాండొలిన్‌కు నాలుగు జంటలుగా ఎనిమిది తీగలు. తీగ మీటితే టక్కున ఆగిపోయే వాయిద్యం అది; మన గమకానికేమో నాదం నిలవాలి. ఆయన ఏం చేశాడు? తీగల జంటలు విడగొట్టి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. నాదం నిలవడానికి కరెంటు సాయం తీసుకున్నాడు. మిగతాదంతా వేళ్లకు అప్పజెప్పాడు. కచేరీల్లో పెద్ద పెద్ద విద్వాంసులు ముందు వరసలో కూర్చుని విన్నారు, జాన్ మెక్లాగ్లిన్ లాంటి గిటారు దిగ్గజం తన శక్తి బృందంలో పక్కన కూర్చోబెట్టుకున్నాడు, 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో నలభై అయిదేళ్లకే పోయాడు. ఆయన వాయిద్యాన్ని మార్చింది తీసివేసి. మనం ఆంప్‌ను మారుస్తున్నది కూడబెట్టి.

ఎదుటివాణ్ణి ఇంత దులిపి నా భుజాలు తడుముకోకపోతే పాపం తగులుతుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు నడిచి ఎక్కాలని నాకు ఏళ్లనాటి మొక్కు. దానికి తగిన బూట్లు ఎంచుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. మడమ కింద గాలి దిండు, వేళ్ల దగ్గర వల, మెట్లెక్కేవాళ్లకనే ప్రత్యేకంగా కుట్టిన అడుగు. ఐదు వేలు పోసి కొని, అలిపిరి దాకా ఆటోలో పోయి దిగాక గుర్తొచ్చింది: జనమంతా చెప్పులు కిందనే వదిలి ఉత్త కాళ్లతో ఎక్కుతున్నారని. పక్కన డెబ్బై ఏళ్ల అవ్వ ఒకామె ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ నా కన్నా ముందే పోయింది. కాబట్టి మా వంశానికి ఈ జబ్బు కొత్తది కాదు, మేనమామ పోలిక.

అయినా మామనన్నాక మందు కూడా చెప్పాలి. అల్లుడా, విను.

మద్రాసు ఎంతో దూరం లేదు, 130 కిలోమీటర్ల పైచిలుకు. పొద్దున రైలెక్కు. మౌంట్ రోడ్డులో 1842 నుంచి ఉన్న మ్యూసీ మ్యూజికల్‌కు పో, లేదా నీకు నచ్చిన ఇంకో అంగడికి పో. ఫోన్ జేబులోనే ఉంచు. నీ గిటారు నువ్వే మోసుకుపో. అంగట్లో లక్ష రూపాయల గిటారు తగిలిస్తే తగరపు డబ్బా కూడా వీణలా పలుకుతుంది. ముందు రివర్బులు, డిలేలు అన్నీ ఆపేయించు. పూత కడిగినాక మొహం ఎట్లుందో చూడు. మూడే మూడు వేషాలు అడుగు: బైరాగి, బండ, తోటి. తెల్లటి శుభ్రమైన టోన్ ఒకటి, అంచులో ఎర్రగా పగిలేది ఒకటి, బొగ్గులా నల్లగా గర్జించేది ఒకటి. ఈ మూడూ నిలబడి పలికితే మిగతా తొంభై ఏడూ వీటి దాయాదులే. ఎర్రటి టోన్‌లో ఉన్నప్పుడు గిటారు మీదున్న వాల్యూమ్ నాబ్ సగానికి తగ్గించు. శబ్దం శుభ్రపడాలి. శుభ్రపడితే ఆ పెట్టె నీ చేతి మాట వింటుందని అర్థం. శుభ్రపడకపోతే అది తన మాటే నీకు వినిపిస్తుందని అర్థం.

తర్వాత మిడ్ నాబ్ చూడు. కొన్ని చిన్న పెట్టెల మీద అది ఉండదు. అది లేని పెట్టె ఎవడికి పనికొచ్చినా నీకొద్దు. చిత్తూరు పెళ్లి మరిచిపోయావా? టోన్ మార్చడానికి ఫోన్ తీయాల్సి వస్తే అది గిటారు ఆంప్ కాదు, ఇంకో ఫోన్. ఎనిమిది అంగుళాల స్పీకరు గదికి ధారాళంగా చాలు. డ్రమ్ముల పక్కన వాయించే యోగం నీ జాతకంలో ఉంటేనే పన్నెండు అంగుళాలు అడుగు. పెట్టెను ఒంటి చేత్తో ఎత్తి చూడు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, నడుము నీది. చెడిపోతే బాగుచేసే మనిషి తిరుపతిలోనో మద్రాసులోనో ఉన్నాడా అని అడుగు. చివరగా, పావుగంటలో నచ్చకపోతే ఆరు నెలలకూ నచ్చదు.

ఇదంతా చెప్పాను. మావాడు శ్రద్ధగా ఫోన్లో రాసుకున్నాడు. రాసుకుని, "మామా, ఈ పాయింట్లన్నీ పెట్టి ఒక ఎక్సెల్ షీట్ చేస్తా. ఏడు ఆంపులకు మార్కులేసి చూస్తాం" అన్నాడు.

నా నోట బండ వేషం దాకా వచ్చింది. మింగుకున్నాను.

ఒరే అల్లుడా, గంగమ్మ అన్ని వేషాలు ఎందుకు వేసిందిరా? సరదాకా? ఊళ్లో ఆడపిల్లల్ని చెరుస్తున్న పాలెగాడు భయపడి దాక్కుంటే, వాణ్ణి వెతకడానికి రోజుకొక వేషం వేసింది. దొర వచ్చాడనుకుని వాడు బయటికొచ్చాడు, తల తెగింది. ఆ మర్నాడే మాతంగి వేషంలో పోయి వాడి పెళ్లాన్ని ఓదార్చింది. ప్రతి వేషానికీ ఒక పనుంది. నీ దగ్గర పదివేల వేషాలున్నాయి, కత్తీ గుర్రమూ నిప్పూ ఉన్నాయి. పాలెగాడే లేడు. నువ్వు వేటాడాల్సిన పాట ఏదిరా?

జాతర ఆఖరి తెల్లవారుజామున గుడి ముందు అమ్మవారి విశ్వరూపం మట్టితో నిలబెడతారు. పేరంటాలు వేషం వచ్చి ఆ మట్టి చెంప పెళ్లగించగానే జనం మీద పడతారు. వారం పాటు పూసుకున్న తెలుపూ ఎరుపూ నలుపూ అప్పటికి కడుక్కుపోయి ఉంటాయి. ఇంటికి పట్టుకుపోయేది గుప్పెడు మట్టి. దాన్నే మందుగా దాచుకుంటారు.

ఏదీ, నీ ఎడమ చెయ్యి ఇట్లా చూపించు. వేళ్ల కొనలు. ఆరేళ్లయింది గిటారు కొని, ఒక్క కాయ కూడా కాయలేదే!